కొరియన్ చర్మ సంరక్షణలో ఏ పొర ఎందుకు?

సంపాదకుల వారికి నమస్కారాలు.

మీ ఆదివారం అనుబంధంలో కొరియన్ చర్మ సంరక్షణ మీద వచ్చిన వ్యాసాన్ని శ్రద్ధగా చదివాను. ముఖం కడుక్కోవడం మొదలుకొని రాత్రి పడుకోబోయే ముందు పూసుకునే స్లీపింగ్ ప్యాక్ దాకా పది దశలనూ వరుస తప్పకుండా ఇచ్చారు, పక్కన బొమ్మలూ వేశారు. అయితే ఆ పది సీసాల్లో దేనిలో ఏ పదార్థం ఉంటుంది, అది చర్మం మీద చేసే పనేమిటి, దాని మీద వేసే తరువాతి పొర ఆ పనికి తోడ్పడుతుందా, లేక అప్పటికే జరిగిపోయిన పనినే మళ్ళీ చేస్తుందా అన్న సంగతి వ్యాసంలో ఎక్కడా రాలేదు. సియోల్ సమీపంలోని ఒక సౌందర్య సాధనాల ప్రయోగశాలలో కొన్నేళ్ళపాటు టోనర్లు (ముఖం కడిగాక అద్దుకునే నీళ్ళలాంటి ద్రవాలు), క్రీముల తయారీ విభాగంలో పనిచేసినదాన్ని కాబట్టి ఆ లోటు ఇతర పాఠకులకన్నా నాకు ఎక్కువగా కనిపించి ఉండవచ్చు. దాన్ని కొంతైనా పూడ్చుదామని ఈ ఉత్తరం రాస్తున్నాను. నిడివి పెరిగినందుకు మన్నించగలరు.

తేమను పట్టి ఉంచే పదార్థాలను, మంటనూ ఎరుపునూ తగ్గించే పదార్థాలను పొరలుగా వాడే కొరియన్ పద్ధతికి గట్టి ఆధారమే ఉంది. నీటిని పట్టేది ఒకటి, చిరాకును తగ్గించేది ఒకటి, ఆ రెంటినీ ఆవిరైపోకుండా, చెదిరిపోకుండా కాపాడేది ఒకటి, ఈ మూడూ తగిన వరుసలో చర్మానికి చేరాలన్నదే ఆ పద్ధతిలోని సారం. మూడూ ఒకే క్రీములో కుదిరితే ఒక్క పొరతోనే పని పూర్తవుతుంది. ఆ మూడింటిలో ఒకటి లోపిస్తే ఎన్ని పొరలు వేసినా ఆ వెలితి అలాగే ఉండిపోతుంది. కాబట్టి పాఠకులకు అంకెలు నేర్పే ముందు పదార్థాల పేర్లు నేర్పడం అవసరమని నా అభిప్రాయం.

పది దశలన్న మాట సంగతి ముందు చూద్దాం. కొరియన్ ఉత్పత్తులను అమెరికా కొనుగోలుదారులకు పరిచయం చేసే క్రమంలో ఆ అంకె అంతగా ప్రచారంలోకి వచ్చింది. నాతో పనిచేసిన కొరియన్ సహోద్యోగినులలో దశలు లెక్కపెట్టుకునేవారిని నేను చూడలేదు. వారి మాటల్లో టోనర్‌ను 'స్కిన్' అనీ, పలుచని పాలలాంటి ఎమల్షన్‌ను 'లోషన్' అనీ అనేవారు. చలికాలమైతే వాటి మీద క్రీమ్, పగలైతే సన్‌స్క్రీన్, అంతే. ఒక దశలో టోనర్‌నే ఏడుసార్లు అద్దుకునే 'సెవెన్ స్కిన్' పద్ధతి బాగా ప్రచారం పొందింది. తరువాత అదే దేశంలో, అవే కంపెనీల ప్రకటనల్లోనే, సీసాలు తగ్గించుకోమనే 'స్కిప్ కేర్' ధోరణి కూడా వచ్చింది. మీ వ్యాసం వీటిలో మొదటి సగాన్ని మాత్రమే పాఠకుల ముందు పెట్టింది.

ఇక అసలు విషయం. మనం పూసే టోనర్లు, క్రీములు ప్రధానంగా పనిచేసేది చర్మం పైనున్న మృతకణాల పొర మీద. ముఖం మీద దాని మందం సుమారు 10 నుంచి 20 మైక్రాన్లు, అంటే మిల్లీమీటరులో వందో వంతు, యాభయ్యో వంతు. శాస్త్రవేత్తలు దీన్ని ఇటుకల గోడతో పోలుస్తారు: చదునైన కణాలు ఇటుకలైతే, వాటి మధ్య ఉండే కొవ్వు పదార్థాలు ఇటుకలను కలిపి పట్టే సున్నం. ఆ కొవ్వుల బరువులో దాదాపు సగం సెరమైడ్లు, పావు వంతు కొలెస్ట్రాల్, మిగిలినదానిలో ఎక్కువ భాగం స్వేచ్ఛా కొవ్వు ఆమ్లాలు. కణాల లోపల అమైనో ఆమ్లాలు, లాక్టేట్, యూరియా వంటివి సహజంగానే ఉండి నీటిని పట్టి ఉంచుతాయి. ఘాటైన సబ్బుతో కడిగినప్పుడు ఈ రెండూ కొంత కొంత కొట్టుకుపోతాయి. చర్మం ఉపరితలం 5కు అటూ ఇటూ పీహెచ్‌తో స్వల్పంగా ఆమ్ల గుణం కలిగి ఉంటుంది, మామూలు సబ్బు పీహెచ్ 9 నుంచి 10 దాకా ఉంటుంది. కొరియన్ క్లెన్సర్ల మీద 'తక్కువ పీహెచ్' అన్న మాట అంత ప్రముఖంగా కనబడడానికి కారణం ఇదే. కడిగిన వెంటనే చర్మం బిగుసుకుపోయినట్టు అనిపిస్తే, ఆ తరువాత వేసే పొరల్లో సగం ఆ నష్టాన్ని పూడ్చడానికే ఖర్చవుతాయి. ఈ దశ గురించి ఇంతకుమించి చెప్పాల్సింది లేదు.

తేమను పట్టే పదార్థాలలో పేరు రాకపోయినా అన్నిటికన్నా ఎక్కువ పనిచేసేది గ్లిజరిన్. దాని అణుభారం 92 మాత్రమే. చర్మపు పైపొరలోకి తేలికగా వెళుతుంది, నీటిని అక్కడే నిలిపి ఉంచుతుంది, ధర తక్కువ, చిరాకు కలిగించడం అరుదు. సీసా ముందువైపున మాత్రం హైలురోనిక్ ఆమ్లం పేరే పెద్ద అక్షరాలలో ఉంటుంది. దీన్ని 1934లో కార్ల్ మేయర్, జాన్ పామర్ ఆవు కంటిలోని జిగురు ద్రవం నుంచి మొదటిసారి వేరుచేశారు. ఇది మన చర్మంలోనూ సహజంగా ఉండే పదార్థమే గాని, టోనర్లలో వాడే దాని లవణం, సోడియం హైలురోనేట్, అణువు చాలా పెద్దది. కొన్ని రకాల్లో అణుభారం పది లక్షలు దాటుతుంది. ఆరోగ్యంగా ఉన్న చర్మం గుండా లోపలికి వెళ్ళాలంటే అణుభారం 500 లోపు ఉండాలన్నది చర్మశాస్త్రంలో స్థూలంగా పాటించే లెక్క. కాబట్టి పెద్ద హైలురోనిక్ అణువు పైనే ఉండి తడి పొరలా పరుచుకుంటుంది. అది కూడా ఉపయోగమే, ముఖం మృదువుగా, నిగారింపుగా కనిపిస్తుంది. తన బరువుకు వెయ్యి రెట్ల నీటిని పట్టుకుంటుందన్న ప్రచారాన్ని మాత్రం నమ్మనక్కరలేదు. చిన్న ముక్కలుగా విడగొట్టిన హైలురోనిక్ ఆమ్లం కొంత లోతుకు వెళ్ళగలదు. అందుకే కొన్ని కొరియన్ యాంపుల్స్ (చిన్న సీసాల్లో వచ్చే చిక్కటి ద్రవాలు) మీద అయిదారు రకాల హైలురోనిక్ పేర్లు వరుసగా కనిపిస్తాయి.

ప్రయోగశాలలో నేను రోజూ చూసిన ఒక సంగతి చెబుతాను. పెద్ద అణువులున్న సోడియం హైలురోనేట్‌ను నీటిలో 1 శాతం కలిపితే చాలు, ఆ నీరు చిక్కటి జిగురుగా మారి, గరిటెతో ఎత్తితే తీగలు సాగుతుంది. అంతకు మించి కలిపితే చర్మం మీద అంటుకుంటూ, ఎండాక ముఖం లాగినట్టు ఉంటుంది. అందువల్ల తయారీదారులు మామూలుగా ఒక శాతం లోపే కలుపుతారు. 'వంద శాతం హైలురోనిక్' అని డబ్బా మీద కనబడితే, అది పొడిని ముందే నీళ్ళలో కరిగించి ఉంచిన పలుచని ద్రావణం గురించిన లెక్క అయి ఉంటుంది. ఈ శాతాల మాయ మొక్కల సారాల దగ్గర ఇంకా ఎక్కువ, దాని దగ్గరకు తరువాత వస్తాను.

తేమను పట్టే పదార్థం ఏదైనా దానికి ఒక పరిమితి ఉంది. అది నీటిని కట్టిపెట్టగలదు గాని, గాలి బాగా పొడిగా ఉన్నప్పుడు ఆ నీరు ఆవిరి కాకుండా పూర్తిగా ఆపలేదు. సియోల్ చలికాలంలో ఇది కళ్ళకు కట్టినట్టు తెలుస్తుంది. సైబీరియా వైపు నుంచి వచ్చే గాలి ఎముకలు కొరికేలా చల్లగా, పొడిగా ఉంటుంది. ఇంటి లోపల నేల కింది నుంచి వేడెక్కించే ఓందోల్ ఏర్పాటు ఆ గాలిని ఇంకా పొడిబారుస్తుంది. ఆ గదిలో ముఖం కడుక్కొని ఒక్క టోనరే వేసుకొని ఊరుకుంటే కాసేపటికే బుగ్గలు బిగుసుకుంటాయి. ముఖం ఇంకా తడిగా ఉండగానే గ్లిజరిన్ లేదా హైలురోనిక్ ఉన్న పొర, అది పూర్తిగా ఆరకముందే సెరమైడ్లో, స్క్వాలేన్ అనే నూనెయో, వ్యాజలైన్ లాంటి పెట్రోలేటమో ఉన్న క్రీమ్ వేస్తే తెల్లవారేదాకా చర్మం మెత్తగా ఉంటుంది. స్లీపింగ్ ప్యాక్ అనే వస్తువు ఉద్దేశం కూడా ఇదే, రాత్రంతా లోపలి తేమను మూసి ఉంచడం. అదే సియోల్‌లో జూన్ చివర మొదలై జులై అంతా ఉండే జాంగ్మా వానల రోజుల్లో గాలిలోనే బోలెడంత తేమ ఉంటుంది కనుక చాలామంది క్రీమ్ మానేసి పలుచని జెల్‌తో సరిపెట్టుకుంటారు. రుతువును బట్టి పై పొరను మార్చుకోవడమే కొరియన్ పద్ధతిలో నాకు అన్నిటికన్నా తెలివైనదిగా తోచిన భాగం, మీ వ్యాసంలో దాని ప్రస్తావన లేకపోవడం ఆశ్చర్యం కలిగించింది.

సెరమైడ్ల గురించి ఒక మాట. ఇవి గట్టి, మైనంలాంటి పొడులు. నూనెల్లో బాగా వేడి చేస్తే తప్ప కరగవు, చల్లారాక మళ్ళీ స్ఫటికాలు కట్టే గుణం ఉంది. అందువల్ల నీళ్ళలాంటి టోనర్‌లో చెప్పుకోదగ్గంత సెరమైడ్ నిలపడం తయారీదారుకు చాలా కష్టమైన పని. సెరమైడ్ కోసం డబ్బు పెట్టదలచుకున్నవారు దాన్ని క్రీములో వెతకడం మేలు, అందులో కొలెస్ట్రాల్, కొవ్వు ఆమ్లాలు కూడా ఉంటే మరీ మంచిది, ఎందుకంటే పైన చెప్పిన గోడలో ఆ మూడూ కలిసే ఉంటాయి గాని ఒక్కటే ఉండదు.

ఇక ఉపశమనం ఇచ్చే పదార్థాలు. వీటి పేరు మీదే ఇప్పుడు ఎక్కువ వ్యాపారం సాగుతోంది కాబట్టి కొంచెం నిదానించి చెబుతాను. కొరియన్లు 'బ్యోంగ్‌పుల్' అని పిలిచే మొక్క, మనం సరస్వతి ఆకు అనేదీ ఒక్కటే. శాస్త్రీయ నామం సెంటెల్లా ఆసియాటికా. దీని సారంతో తయారైన మడెకాసోల్ అనే గాయాల ఆయింట్‌మెంట్ కొరియన్ ఇళ్ళలోని మందుల పెట్టెల్లో దశాబ్దాలుగా ఉన్న వస్తువు. సెంటెల్లా కలిపిన 'సికా' క్రీములకు కొరియాలో అంత సులువుగా ఆదరణ దొరకడానికి ఆ పాత పరిచయం బాగా పనికొచ్చింది. ఈ మొక్కలో చర్మానికి పనికొచ్చే సమ్మేళనాలు ముఖ్యంగా నాలుగు: ఆసియాటికోసైడ్, మడెకాసోసైడ్, ఆసియాటిక్ ఆమ్లం, మడెకాసిక్ ఆమ్లం. మందుల తయారీలో వాడే శుద్ధి చేసిన సారంలో ఆసియాటికోసైడ్ 40 శాతం, మిగిలిన 60 శాతం ఆ రెండు ఆమ్లాలు ఉండేలా కొలత కట్టి తీస్తారు.

టోనర్ సీసా మీద ఉండే 'సెంటెల్లా 70 శాతం', '80 శాతం' వంటి అంకెలకూ ఈ కొలతకూ ఏ సంబంధమూ లేదు. ఆకును నీళ్ళలోనో, నీళ్ళూ బ్యూటిలీన్ గ్లైకాల్ అనే ద్రావణీ కలిపిన ద్రవంలోనో నానబెట్టి వడగట్టిన దాన్నే సారం అంటారు. దానిలో అత్యధిక భాగం నీరే. ఆ వడగట్టిన నీరు సీసాలో 80 శాతం ఉండవచ్చు, దానిలో మడెకాసోసైడ్ ఎంత ఉందో ఆ అంకె చెప్పదు. పలుచగా తీసిన సారం 80 శాతం ఉన్న సీసాకన్నా, శుద్ధి చేసిన మడెకాసోసైడ్ పొడిని 0.1 శాతం కలిపిన క్రీములో అసలు సమ్మేళనం ఎక్కువగా ఉండడం సాధ్యమే. నత్త స్రావం, బియ్యపు నీరు, పులియబెట్టిన ఈస్ట్ ద్రవం వంటి వాటి మీద కనిపించే పెద్ద పెద్ద శాతాలను కూడా ఇదే కళ్ళతో చూడాలి. ఆ ఉత్పత్తులు పనికిరానివని నా ఉద్దేశం కాదు, చాలావరకు బాగానే ఉంటాయి. ఆ అంకెను చూసి రెండు సీసాలను పోల్చడం మాత్రం వృథా.

వెనకవైపున చిన్న అక్షరాల్లో ఉండే పూర్తి పదార్థాల జాబితా కొంత ఎక్కువ చెబుతుంది. సౌందర్య సాధనాల మీద అన్ని పదార్థాల పేర్లూ ముద్రించాలన్న నిబంధన కొరియాలో 2008లో అమల్లోకి వచ్చింది. ఎక్కువ ఉన్నది ముందు, తక్కువ ఉన్నది వెనక అన్న క్రమం పాటించాలి. 1 శాతం, అంతకన్నా తక్కువ ఉన్నవాటిని మాత్రం ఏ క్రమంలోనైనా రాసుకోవచ్చు. ఆ మినహాయింపులోనే కిటుకు ఉంది. పదిహేను మొక్కల సారాలు జాబితా మధ్యలో వరుసగా కనిపించి, వాటికి ముందు చిక్కదనానికో, నిల్వకో కలిపే శాంథాన్ గమ్, కార్బోమర్, ఇథైల్‌హెక్సిల్‌గ్లిజరిన్ వంటి పేర్లు వచ్చాయనుకోండి. ఇవి మామూలుగా ఒక శాతం లోపే వాడే పదార్థాలు కనుక, వాటి తరువాత ఉన్న పదిహేను మొక్కలూ ఒక్కొక్కటి అంతకు మించి ఉండే అవకాశం లేదు. కొరియాలో చాలామంది వినియోగదారులు ఈ జాబితాలను చదవడానికి 'హ్వాహే' అనే మొబైల్ యాప్ వాడుతుంటారు. కొనే ముందు పదార్థాలు వెతికి చూడడం అక్కడి యువతులకు అలవాటుగా మారింది.

సెంటెల్లాతో బాటు తరచుగా కనిపించేవి ఓసోంగ్‌చో అనే హౌట్యూనియా, స్సుక్ అనే అర్తెమీసియా, జేజు ద్వీపపు గ్రీన్ టీ, అతిమధురం నుంచి తీసిన డైపొటాషియం గ్లిసరైజేట్, అల్లాంటోయిన్, పాంథెనాల్, బీటా గ్లూకాన్. వీటిలో నాకు ఎక్కువ నమ్మకం ఉన్నది పాంథెనాల్ మీద. దాని అణుభారం 205, అల్లాంటోయిన్‌ది 158. రెండూ లోపలికి వెళ్ళగలిగినంత చిన్నవి. పాంథెనాల్ చర్మంలో బీ5 విటమిన్‌గా మారుతుంది, నీటినీ పట్టి ఉంచుతుంది, చిరాకునూ తగ్గిస్తుంది. అంటే తేమ, ఉపశమనం అనే రెండు పనులూ ఒక్కటే చేస్తుంది. మడెకాసోసైడ్ అణుభారం 975, ఆసియాటికోసైడ్‌ది 959. ఆ 500 లెక్క ప్రకారం ఇవి దిట్టమైన చర్మంలోకి అంత సులువుగా దిగవు. చర్మం గీరుకుపోయో, పొరలు ఊడిపోయో ఉన్నప్పుడు దారి తెరుచుకొని ఉంటుంది కనుక అప్పుడు వీటికి పని ఎక్కువ. సికా క్రీమ్ గాయపడిన, ఎర్రబడిన చర్మం మీద బాగా పనిచేసినట్టు, ఆరోగ్యంగా ఉన్న చర్మం మీద ఏమీ చేయనట్టు అనిపించడానికి ఇది ఒక కారణం అయి ఉండవచ్చు.

వరుస ప్రశ్న ఇక్కడే వస్తుంది. ఉపశమనం ఇచ్చే పదార్థాలలో చాలావరకు నీటిలో కరిగేవి. వాటిని కొవ్వు ఎక్కువగా ఉన్న క్రీమ్ మీద వేస్తే చర్మం దాకా చేరడానికి అవస్థ పడతాయి. కాబట్టి పలుచనిది ముందు, చిక్కనిది తరువాత అన్న కొరియన్ నియమానికి ఇక్కడ అర్థం ఉంది. పాంథెనాల్, గ్లిజరిన్ ఉన్న టోనర్ తడి ముఖం మీద. అవసరమైతే సెంటెల్లా సీరం. దాని మీద సెరమైడ్ క్రీమ్. పగలైతే అన్నిటికన్నా పైన సన్‌స్క్రీన్. ఎర్రగా, మంటగా ఉన్న ముఖానికి ఇంతకు మించి ఏదీ అవసరమని నేను అనుకోను. ఒక్కో పొరకూ మధ్య అర నిమిషమో నిమిషమో ఆగితే చాలు. పూర్తిగా ఎండిపోయేదాకా కూర్చుంటే తడి చర్మం వల్ల వచ్చే ప్రయోజనం పోతుంది, అసలు ఆగకుండా రుద్దితే కార్బోమర్, సిలికోన్ వంటివి ఒకదానితో ఒకటి కలవక తెల్లటి నలుసుల్లా ఉండలు కడతాయి. వేళ్ళతో రుద్దకుండా అరచేతులతో అద్దడం వల్ల ఆ ఇబ్బంది చాలావరకు తగ్గుతుంది.

పొరలు పెంచుకుంటూ పోతే వచ్చే చిక్కు చాలామంది గమనించని చోట ఉంది. ఒకే కంపెనీకి చెందిన టోనర్, ఎసెన్స్, యాంపుల్, క్రీముల జాబితాలను పక్కపక్కన పెట్టి చదివితే మొదటి ఆరేడు పేర్లు దాదాపు ఒకటే అని తెలుస్తుంది: నీరు, గ్లిజరిన్, బ్యూటిలీన్ గ్లైకాల్, 1,2-హెక్సేన్‌డయాల్, నయాసినమైడ్, ఇలా. ఎసెన్స్ అన్నా యాంపుల్ అన్నా తేడా తరచుగా చిక్కదనంలో, సీసా పరిమాణంలో, ధరలో ఉంటుంది. నాలుగు పొరలూ వేసినప్పుడు ఉపశమన పదార్థంతో పాటు నిల్వకారకాలు, ద్రావణులు, సువాసనలు కూడా నాలుగు రెట్లు చర్మం మీద చేరతాయి. బీ3 విటమిన్ రూపమైన నయాసినమైడ్‌నే చూడండి. కొరియాలో చర్మపు రంగును తేలికచేసే 'క్రియాత్మక సౌందర్య సాధనం' కింద దీన్ని 2 నుంచి 5 శాతం దాకా వాడవచ్చని అక్కడి ఆహార, ఔషధ భద్రతా మంత్రిత్వ శాఖ నిర్దేశించింది. ఆ మోతాదులో ఇది చర్మపు రక్షణ పొరకు మేలే చేస్తుంది. కాని టోనర్‌లో ఉన్నది, సీరంలో ఉన్నది, క్రీములో ఉన్నది అన్నీ ఒకేసారి పూసుకుంటే, సున్నితమైన ముఖాలు వేడెక్కి ఎర్రబడడం అరుదేమీ కాదు. అప్పుడు ఆ ఎరుపు తగ్గడానికి ఇంకో ఉపశమన సీరం కొంటారు, దానిలోనూ నయాసినమైడ్ ఉంటుంది.

ఉపశమనం అన్న ముద్ర ఉన్న ప్రతిదీ చిరాకు కలిగించదని కూడా అనుకోకూడదు. టీ ట్రీ నూనె, లావెండర్ నూనె గాలి తగిలి ఆక్సీకరణ చెందితే కొందరిలో అలర్జీ తెప్పిస్తాయి. తేనెటీగలు చెట్ల బంకతో చేసే జిగురైన ప్రొపోలిస్ కూడా అలర్జీకి పేరుబడ్డదే. చివరకు సెంటెల్లా కూడా ఏ కొందరికో పడకపోవచ్చు. సువాసన మిశ్రమాల్లో అలర్జీ కలిగించగల 25 పదార్థాలను పేరు పేరునా రాయాలన్న నిబంధన కొరియాలో 2020 జనవరి నుంచి ఉంది. ముఖం మీద ఉంచుకునే ఉత్పత్తుల్లో అవి 0.001 శాతానికి మించితే చాలు, పేరు రాయాలి. లినలూల్, లిమొనీన్, జెరానియాల్, సిట్రొనెలాల్ వంటి పేర్లు జాబితా చివర వరుసగా కనిపిస్తే, ముందువైపున 'సున్నిత చర్మానికి' అని ఎంత అందంగా రాసి ఉన్నా సున్నిత చర్మం ఉన్నవారు ఆ సీసాను పక్కన పెట్టడమే నయం.

అక్కడి చట్టం ఈ మాటల విషయంలో ఎంత జాగ్రత్తపడిందో చెప్పడానికి ఒక ఉదాహరణ ఇస్తాను. 2017లో క్రియాత్మక సౌందర్య సాధనాల పరిధిని విస్తరించినప్పుడు అటోపీ (దురదతో కూడిన దీర్ఘకాలిక చర్మవ్యాధి) వల్ల వచ్చే పొడిదనానికి సాయపడే ఉత్పత్తులను కూడా ఆ జాబితాలో చేర్చారు. సౌందర్య సాధనం మీద జబ్బు పేరు కనిపిస్తే రోగులు దాన్ని మందుగా భ్రమపడతారని చర్మవైద్యులు అభ్యంతరం చెప్పారు. తరువాత 2020లో ఆ వాక్యాన్ని మార్చి, చర్మపు రక్షణ పొర పనితీరును పునరుద్ధరించి దురద వంటివి తగ్గడానికి తోడ్పడుతుంది అన్న అర్థంలో తిరగరాశారు. కొరియన్ క్రీమ్ గురించి రాసేటప్పుడు మన పత్రికలు ఎగ్జిమా, రోసేషియా వంటి జబ్బుల పేర్లను ఎంత తేలికగా వాడుతున్నాయో గమనిస్తే, ఆ జాగ్రత్త మనకూ కొంత అవసరమే అనిపిస్తుంది. చీము పట్టిన మొటిమలు, వారాల తరబడి తగ్గని ఎరుపు, పగిలి నీరు కారే చర్మం ఉన్నవారికి టోనర్ పొరలు జవాబు కావు. వారు చర్మవైద్యుని దగ్గరకు వెళ్ళాలి.

నీరు కూడా మితిమీరితే మంచిది కాదన్న విషయం చాలామందికి వింతగా తోస్తుంది. చర్మం గంటల తరబడి నీటిలో నానితే, కణాల మధ్యనున్న కొవ్వు పొరల అమరిక చెదురుతుంది; తడవడం, ఆరడం పదేపదే జరిగే చేతులకు పగుళ్ళు రావడం అందరికీ తెలిసిందే. ద్రవంలో తడిపి ముఖం మీద పరుచుకునే షీట్ మాస్క్‌ను 15, 20 నిమిషాలకు మించి ఉంచుకోవద్దని డబ్బా మీద రాయడం ఇందుకే. కాగితం ఎండే దాకా ఉంచుకుంటే చర్మం మీది తడి కూడా దానితో పాటు ఆవిరవుతుంది. రాత్రంతా పెట్టుకొని నిద్రపోవడం, రోజూ రెండేసి మాస్కులు వాడడం, ఇవి ఉపశమనానికి పూర్తి విరుద్ధమైన అలవాట్లు. రెటినాల్, ఆమ్లాలతో పొర తీసే టోనర్లు వాడే రాత్రుల్లో కూడా పొరలు తగ్గించుకోవడమే మంచిది: ఒక సాదా తేమ పొర, ఒక సెరమైడ్ క్రీమ్. ఆ రాత్రి కొత్త మొక్కల సారాన్ని పరిచయం చేస్తే, మర్నాడు ముఖం ఎర్రబడినప్పుడు కారణం ఏదో తేలదు.

అదే కారణం చేత కొత్త ఉత్పత్తులను ఒకదాని తరువాత ఒకటిగా, కనీసం వారం రెండు వారాల ఎడంతో మొదలుపెట్టాలి. ముందుగా మోచేయి మడతలోనో, దవడ కిందనో కొన్ని రోజులు రాసి చూడాలి. ఆలస్యంగా బయటపడే అలర్జీ తరచుగా రెండు మూడు రోజుల తరువాత గాని కనిపించదు కాబట్టి ఒక్క రాత్రి పరీక్ష సరిపోదు. పది సీసాల సెట్టు ఒకేసారి కొని ఒకేసారి మొదలుపెట్టమని చెప్పే ప్రకటనలు ఈ ఒక్క నియమాన్నే పూర్తిగా తలకిందులు చేస్తున్నాయి. మీ వ్యాసం పక్కన వేసిన బొమ్మ కూడా, క్షమించాలి, అచ్చం అలాంటి సెట్టునే చూపించింది.

చివరగా మీకు నా విన్నపం. ఇకముందు చర్మ సంరక్షణ మీద వ్యాసం వేసినప్పుడు, అందులో పేర్కొన్న ఉత్పత్తుల్లో ఒక్కదాని పదార్థాల జాబితానైనా డబ్బా మీద ఉన్న వరుసలోనే, తెలుగు లిపిలో, పూర్తిగా ముద్రించండి. వాటిలో నీటిని పట్టేవి ఏవి, మంట తగ్గించేవి ఏవి, మూసి కాపాడేవి ఏవి, సువాసన కోసం కలిపినవి ఏవి అని పక్కన ఒక్కో మాటలో చెప్పండి. ప్రకటనకర్తలు అందించిన సమాచారంతో రాసిన వ్యాసమైతే ఆ సంగతి కూడా స్పష్టంగా వేయండి. దశల పట్టిక కోసం వాడిన అర పేజీలో ఈ వివరాలన్నీ సులువుగా పడతాయి. జాబితాలోని పేర్లను తెలుగులో రాయడానికి, ఒక్కొక్కటి చేసే పనిని విడమరచి చెప్పడానికి సాయం కావలసి వస్తే, ప్రతిఫలం ఏమీ ఆశించకుండా చేసిపెట్టడానికి నేను సిద్ధం.

భవదీయురాలు,
ఒక పాఠకురాలు